కోడిగంప మీది పళ్ల ప్లేటు

నా కారు అమ్మేయమని మా ఇంట్లో సలహా ఇవ్వనివి కోళ్లు మాత్రమే. మిగతా అందరూ ఇచ్చారు.

సూర్యాపేట ఇంకా నల్లగొండ జిల్లాలోనే ఉన్న రోజులవి. మా ఊరు ఆ పక్కనే. నేను కోదాడలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ఎవరిదో టిఫిన్ డబ్బా నడుములో గుచ్చుకుంటుంటే రోజూ బస్సులో నిలబడి వెళ్లి వెళ్లి విసుగొచ్చి, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు యజమాని వదిలించుకుంటున్న పాత విదేశీ కారు కొన్నాను. నా జీతంతోనే కొన్నాను. అది ఆటోమేటిక్. గేర్లు దానంతట అదే మార్చుకునేది. ఎడమకాలికి పనే లేదు.

మా ఆయనకు డ్రైవింగ్ రాదు, రాదన్న దిగులూ లేదు. పక్క సీట్లో పల్లీలు తింటూ, లారీల వాళ్లతో నేను పెట్టుకునే కొట్లాటలు వింటూ రావడం ఆయనకు ఇష్టం. మా అత్తమ్మ గరిడేపల్లి చుట్టాలందరికీ "మా కోడలు కారు తోల్తది" అని చాటింపు వేసేది. నా ముందు మాత్రం "బండి మోతెక్కువో నీ నోటి మోతెక్కువో తెలుస్తలేదు పిల్లా" అనేది.

అలా నడుస్తుండగా దాని గేరుపెట్టె పోయింది. ఆ రకం పెట్టెను బాగుచేసేవాళ్లు హైదరాబాదులో కూడా దొరకలేదు. మా వాకిలి ఉమ్మడిది. మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, ట్రాక్టరు పెట్టుకునే చోట కదలని కారు నిలబడిపోయింది. ఆయన వెంటనే కోదాడలో పాత ఇనుము కొనే ఒకాయనతో మాట్లాడేశాడు.

"అది ఇగ నడవదమ్మా. తూకానికి పోవుడే" అన్నాడు.

"మోటరు కాలిపోతే మీరు బావిని అమ్ముకుంటరా బావా?"

మా ఆయన పల్లీలు నమలడం ఆపి కిటికీలోంచి బయటికి చూడసాగాడు. అన్న మీద నవ్వడం ఆయనకు అలవాటు లేదు. చివరికి బావగారే ఒక మెట్టు దిగాడు. "సరే. నెలాఖరు దాంక చూస్త. అప్పటికి నడిస్తే నీది. నడవకుంటే లారీ వస్తది."

సూర్యాపేటలో మా మెకానిక్ ధైర్యం చెప్పాడు. ఇంజను అదే ఉంటుంది, వెనక మామూలు గేరుపెట్టె పెట్టి, క్లచ్ బిగిస్తానన్నాడు. ఆటోమేటిక్ బండిలో ఇంజను వెనక అంచు చుట్టూ పళ్లున్న పల్చటి ఇనుప ప్లేటు ఒకటి ఉంటుంది. గేర్ల బండికి అది చాలదు. క్లచ్ పట్టుకోవడానికి మందపాటి ఇనుప చక్రం, ఫ్లైవీల్, కావాలి. ఆయన విజయవాడ వెళ్లి అదే కంపెనీ గేర్ల బండిది గేరుపెట్టె, ఫ్లైవీల్ తెచ్చాడు. ఫ్లైవీల్ ముఖం గీతలు పడి ఉంటే మిర్యాలగూడలో లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే ఒకాయన దగ్గరికి పంపాడు. మిల్లుల్లో పొట్టు ఊదే ఫ్యాన్లకు బ్యాలెన్స్ చేయడంలో ఆయనకు పెద్ద పేరు. ఆయన చక్రాన్ని నున్నగా చెక్కి, బరువు ఏ పక్కకూ మొగ్గకుండా బ్యాలెన్స్ కూడా చూసి పంపాడు.

మెకానిక్ మా వాకిట్లోనే అన్నీ బిగించాక స్టార్ట్ చేశాం. మెల్లగా తిరిగినంతసేపు బాగానే ఉంది. కాస్త యాక్సిలరేటర్ తొక్కగానే స్టీరింగు, అద్దం, నా గాజులు అన్నీ ఒకేసారి వణకడం మొదలుపెట్టాయి. మెకానిక్ ఇంజను కింది రబ్బర్లు మార్చాడు. వణుకు తగ్గలేదు.

బావగారు చేతులు కట్టుకుని చూసి, "క్లచ్ తొక్కుడు అలవాటు లేక గట్ల అయితుంది" అన్నాడు.

"బండి నిలబడే ఉన్నది బావా. గేరే వెయ్యలే. నిలబడి వణికేదానికి నా కాలేం చేస్తది?"

మాట గెలిచాను గానీ కారు వణుకుతూనే ఉంది. నెలాఖరు దగ్గరికి వచ్చింది. మళ్లీ బస్సులో నిలబడడం తలుచుకుంటేనే ఏడుపొచ్చేది. ఏడిస్తే అందరూ జాలిపడతారు. జాలి నాకు పడదు. అందుకని ఇంట్లో అందరితో కొట్లాడాను.

ఒక పొద్దున గుడ్లు తీయడానికి కోడిగంప దగ్గరికి వెళ్లాను. పిల్లి గంపను తోసెయ్యకుండా మా అత్తమ్మ దాని మీద ఏదో ఒక బరువు పెట్టేది. ఇప్పుడు పెట్టింది మెకానిక్ ఊడదీసి ఇచ్చిన పళ్ల ప్లేటు. దాన్ని ఎత్తితే చేతిలో నిలవలేదు, ఒక పక్కకు తిరిగిపోయింది. కింది వైపు చూస్తే అంచు దగ్గర ఇనుప ముక్క ఒకటి అతికించి ఉంది.

"అత్తమ్మా, ఈ ముక్క మొదటి సంది ఉన్నదా?"

"ఇచ్చిన్నాడే ఉన్నది. గా ముక్క గోడ దిక్కు పెడితే జారదు. నువ్వు ఉల్టా పెట్టకు."

నాకు ఇంజన్ల సంగతి తెలియదు. కంపెనీల సంగతి మాత్రం పాఠం చెప్పి బతుకుతున్నాను. మేకు ఖర్చు కూడా లెక్కేసుకునే వాళ్లు ఊరికే ఒక ముక్క కోసి, వెల్డింగ్ పెట్టి అతికించరు. అది దేనికో ఉంది. మెకానిక్‌ను అడిగితే తల గోక్కుని, "లేత్ అన్ననే అడగాలె మేడం" అన్నాడు.

ఇక ఆ ప్లేటు, మెకానిక్ మళ్లీ ఊడదీసి ఇచ్చిన ఫ్లైవీల్ రెండూ పట్టుకుని బస్సులో మిర్యాలగూడ బయల్దేరాం. ఫ్లైవీల్ మా ఆయన ఒళ్లో, ప్లేటు నా ఒళ్లో. అత్తమ్మ గేటు దాకా వచ్చి, "మాపటికల్లా నా ప్లేటు తేవాలె" అని హుకుం జారీ చేసింది.

లేత్ అన్న షాపు లోపలంతా ఊక దుమ్ము, మిల్లు ఫ్యాన్లు. నేను సంగతి చెప్పేలోపే ఆయన ముఖం ముడుచుకున్నాడు. ఫ్లైవీల్‌కు ఇరుసు తొడిగి, పక్కపక్కన ఉన్న రెండు నున్నటి పట్టాల మీద పెట్టాడు. ఎటు తిప్పి వదిలితే అటే నిలిచింది.

"సూడు మేడం. దీంట్ల తప్పుంటే షాపు బందువెడ్త."

"తప్పు లేదన్నా. గదే పరేషాన్. ఇప్పుడు దీన్ని పెట్టు."

పళ్ల ప్లేటు పెట్టాడు. ముక్క ఉన్న పక్క సర్రున కిందికి తిరిగింది.

"ఇది మొగ్గు ప్లేటు. ఖరాబయింది. మొగ్గుది తీసి సక్కనిది పెట్టినం, ఇంకేంది?"

"కంపెనీ వాళ్లు పిచ్చోళ్లా అన్నా, పనిగట్టుకుని మొగ్గు పెట్టడానికి? లోపల ఇంజనుకే ఇంకో దిక్కు మొగ్గు ఉంటే? దానికి ఇది ఎదురు బరువైతే?"

"మిల్లు ఫ్యాన్‌కు గట్లుండదు."

"ఇది మిల్లు ఫ్యానా?"

"పంతులమ్మవా నువ్వు?"

"అవును."

"తెలుస్తనే ఉంది."

మా ఆయన లేచి ముగ్గురికీ చాయ్ చెప్పాడు. మా ఇరవై వాదనల్లో పందొమ్మిది ఆయన చాయ్‌తోనే ఆగుతాయి. లేత్ అన్న చాయ్ తాగుతూ ప్లేటును ఒక వేలితో అటూ ఇటూ తిప్పి చూశాడు. గొంతు దించి, "మొగ్గు తీసుడు వస్తది గని, పెట్టుడు ఎన్నడు చెయ్యలే" అన్నాడు. నాకు ఆ మనిషి ఆ క్షణంలో చాలా నచ్చాడు.

ఆ పైన ఇద్దరం కొట్లాడుకుంటూనే దారి కనుక్కున్నాం. పళ్ల ప్లేటు మీద, ముక్కకు సరిగ్గా ఎదురుగా బంకమట్టి అంటించాడు. ఎటు తిప్పినా నిలిచేదాకా కొంచెం పెడుతూ, కొంచెం గిల్లుతూ పోయాడు. ఇంజనుకు బిగించే చిల్లుల్లో ఒకటి, ప్లేటుకూ ఫ్లైవీల్‌కూ కూడా, కాస్త పక్కకు జరిగి ఉంది, తప్పుగా తొడగడానికి వీల్లేకుండా. దాన్ని గుర్తుగా పెట్టుకుని, అదే మట్టి ముద్దను ఫ్లైవీల్‌కు అదే చోట, మధ్య నుంచి అంతే దూరంలో అంటించాడు. ఇప్పుడు మట్టి ఉన్న పక్క కిందికి పోయింది. చక్రం మళ్లీ నిలిచేదాకా ఆ పక్కనే డ్రిల్లుతో ఇనుము తీశాడు. చివరికి మట్టి ఊడదీసి వదిలితే ఫ్లైవీల్ పళ్ల ప్లేటు తిరిగినట్టే తిరిగి, అది ఆగిన తీరులోనే ఆగింది.

"మంచిదాన్ని ఖరాబు చేసినట్టున్నది మేడం" అని లేత్ అన్న చెయ్యి తుడుచుకున్నాడు. "నడవకపోతే నా పేరు చెప్పకు."

"నడిస్తే చెప్తలే."

మెకానిక్ మళ్లీ అంతా బిగించేసరికి నెలాఖరు రానే వచ్చింది. బావగారు పిలిపించిన కోదాడ ఆయన పొద్దున్నే లారీతో దిగాడు. వాకిట్లో అందరూ నిలబడ్డారు. నేను తాళం తిప్పి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి, ఇంకా తొక్కి, పూర్తిగా తొక్కాను. ఇంజను గట్టిగా మోగింది తప్ప గాజులు కదల్లేదు. అత్తమ్మ వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, దవాఖానలో జ్వరం చూసిన నర్సులా తలాడించింది.

బావగారు గొంతు సవరించుకుని, "ట్రాక్టరు ఎనక వాకిట్ల పెట్టుకుంట తియ్" అన్నాడు. అంతకంటే మంచి మాట ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు.

కోదాడ ఆయన మాత్రం వదలలేదు. "లారీ కిరాయి నా నెత్తినే పడిందమ్మా" అన్నాడు.

"లారీని పంపించు. నేను కాలేజీకి పోతున్న, కోదాడలో దింపుత. ఎక్కు."

దారి పొడవునా ఆయన చప్పుళ్లు వెతికాడు. నేను గేరు మార్చినప్పుడల్లా నా ఎడమకాలి వంక చూశాడు. రెండుసార్లు బండి ఆగిపోయిన మాట నిజమే. రెండుసార్లూ ముందున్న లారీదే తప్పని ఆయనకు వివరంగా చెప్పాను.

కోదాడ చౌరస్తాలో దిగి, తలుపు వేసి, కిటికీలోకి వంగాడు.

"బాగానే చేయించావమ్మా. ఎప్పుడన్నా అమ్మాలనుకుంటే ముందు నాకే చెప్పాలి సుమా."

"అందాకా నీ కొట్టు నడిస్తే చూద్దాం" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. నాకు ఫస్టవర్ క్లాసుంది. క్లచ్ తొక్కి, గేరు వేసి, వెళ్లిపోయాను.