ఫోను మెచ్చిన చదువు

సువార్త టీచర్‌కు కోపం వస్తే గొంతు లేవదు, తగ్గుతుంది. బీర్పూర్ దగ్గరి ఆ చిన్న బడిలో పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. ఈమధ్య ఆమె గొంతు పొద్దస్తమానం తగ్గే ఉంటోంది. కారణం బల్ల మీదున్న ఫోను.

మొదట్లో ఆ ఫోనంటే ఆమెకు ప్రాణం. ఐదు తరగతులకు ఒక్కతే టీచర్. ఒక తరగతికి ఎక్కాలు చెబుతుంటే ఇంకో తరగతి బడిని పీకి పందిరేసేది. అలాంటి సమయంలో నెట్‌లో ఊరికే దొరికే కథల యాప్ ఒకటి కంటబడింది. చిన్న స్పీకర్ తగిలించి కథ పెడితే చాలు, మూడో తరగతి కిక్కురుమనకుండా వినేది. నాకిన్నాళ్లకు ఒక తోడు దొరికిందని జగిత్యాల బస్సులో పక్క సీటావిడకు కూడా చెప్పుకుని మురిసిపోయింది.

యాప్ చెప్పినన్నాళ్లూ బాగానే ఉంది. అది వినడం మొదలుపెట్టాకే వచ్చింది చిక్కంతా. అందులో ఇంకో ఏర్పాటుంది. తెర మీది వాక్యాన్ని పిల్లలు పైకి చదవాలి. సరిగ్గా చదివితే మాట పచ్చబడుతుంది, బొమ్మ కుందేలు గెంతుతుంది. తప్పితే మాట ఎర్రబడుతుంది, కుందేలు చెవులు వేలాడేస్తుంది.

మూడో తరగతిలో శ్రావణి అనే పిల్ల ఉంది. అమ్మానాన్నలు సిరిసిల్లలో సాంచలు నడుపుతారు. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. పిల్ల ఊళ్లో నాయనమ్మ లసుమవ్వ దగ్గర పెరుగుతోంది. బడిలో చేరిన కొత్తలో నోరు విప్పేది కాదు, అక్షరం చూపిస్తే గోడవైపు తిరిగేది. బుజ్జగించి, బతిమాలి, నానా తంటాలు పడి సువార్త ఆ పిల్లను చదువులోకి దించింది. ఈ ఉద్యోగంలో ఏం సాధించావని ఎవరైనా అడిగితే ఆమె శ్రావణిని చూపించేది.

ఆ రోజు తెర మీద "అమ్మ సంతకు వెళ్ళింది. పిల్లి వచ్చి పాలు తాగేసింది" అని ఉంది. శ్రావణి ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ, "అమ్మ అంగడికి పోయింది. పిల్లి అచ్చి పాలు తాగింది" అని చదివింది. చదివి పకపకా నవ్వింది.

"ఇగ గామె అచ్చినంక దాని ఈపు పలగ్గొడ్తది టీచర్!"

కథంతా కళ్లకు కట్టిందా పిల్లకు. కుందేలుకు మాత్రం నచ్చలేదు. సగం మాటలు ఎర్రబడ్డాయి, చెవులు వేలాడిపోయాయి, వెనక వరుసలో కిసకిసలు మొదలయ్యాయి. శ్రావణి మళ్లీ చదివింది. మళ్లీ ఎరుపే. ఆ తర్వాత పెదవులు బిగించుకుని కూర్చుంది.

"తప్పేం లేదు బిడ్డా, మంచిగనే చదివినవ్" అంది సువార్త. ఫోను తప్పన్నదాన్ని టీచర్ ఒప్పంటే పిల్లలు నమ్ముతారా? నమ్మలేదు.

సువార్తది రాయికల్. తల్లి బీడీలు చుట్టి చదివించింది. టీచర్ ట్రైనింగ్‌కు వెళ్లిన కొత్తలో "అచ్చిండు" అన్నందుకు తోటివాళ్లు పగలబడి నవ్వితే, నెల తిరక్కముందే మాట మార్చుకుంది. అప్పటినుంచీ ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట. ఆనాడు ఆమెకు ఏడుపొచ్చింది. ఇప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది.

యాప్ వాళ్లకు పెద్ద ఉత్తరమంత రాసింది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని క్షణంలో జవాబు వచ్చింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఇక మండలం నుంచి బడులు చూసిపోయే నర్సింగ్ రావు సారుకు ఫోన్ చేసింది. ఈమధ్య బడులన్నిటా అదే యాప్‌తో చదివించమని, ఏ బడి పిల్లలు ఎంత బాగా చదివారో లెక్క చూసుకుంటున్నది ఆయనే.

"పిల్ల అర్థం చేసుకొని చదువుతున్నది సార్. ఫోనేమో గది తప్పని చూపెడుతున్నది."

"పుణ్యానికి ఇచ్చిండ్రు టీచరమ్మా, అండ్ల గూడ వంకలేనా?" నవ్వాడాయన. "అన్ని బళ్లు ముంగటున్నయి, మీ బడే ఎనుకబడ్డది. వచ్చే వారం నేనే అస్త. పిల్లలతోని జర చదివియ్యుండ్రి."

ఊరికే ఇచ్చారు కాబట్టి ఊరుకోవాలన్నమాట! సువార్త పళ్లు కొరుక్కుంది.

మర్నాడు లసుమవ్వ బడికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఏం టీచరమ్మా, మా పోరి ఇంట్ల నోరు తెరుస్తలేదు. ఏందే అంటె, నేను మాట్లాడేది తప్పట అంటున్నది. మేమందరం గట్లనే మాట్లాడుతం గదా, అందరం తప్పేనా?"

సువార్త లేచి ఆమె దగ్గరకు వెళ్లింది. "కాదవ్వా. నేను జూసుకుంట, మీరు పొండ్రి" అని పంపించింది.

చూసుకుంటానంది గానీ, ఆమె చేతిలో ఏముంది? సారు రావడం ఖాయం. ఆయన ముందు కుందేలు మళ్లీ చెవులు వేలాడేస్తే ఈ పిల్ల ఇక పుస్తకం ముట్టదు. ఒక్క దారే తోచిందామెకు. తన మీద తనకే అసహ్యం వేస్తున్నా, కొత్త కథ ఒకటి పెట్టి శ్రావణిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అది ఎట్లంటె గట్లనే అను బిడ్డా. నీ మాట కలుపకు."

శ్రావణి వింది. విన్నది విన్నట్టు అంది. అన్నం బెల్లు కొట్టినా, ఇంటి బెల్లు కొట్టినా అదే పని. నవ్వు లేదు, మధ్యలో ఒక్క ప్రశ్న లేదు. అంత బుద్ధిగా ఉంటే సువార్తకు ఏదోలా అనిపించింది, అయినా ఆపలేదు.

నర్సింగ్ రావు సారు రానే వచ్చాడు. శ్రావణి నిలబడి, "మేకపిల్ల దారి తప్పింది. తల్లి కనిపించక బిక్కుబిక్కుమంటూ ఏడ్చింది" అని మొదలుపెట్టి, కథ చివరిదాకా గడగడా చదివేసింది. ఒక్క మాట ఎర్రబడితే ఒట్టు. కుందేలు ఆగకుండా గెంతింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. సారు ఫొటో తీసుకున్నాడు.

"గిదీ చదువంటె! మొన్న గంత కోపం జేస్తిరి గదా టీచరమ్మా" అని నవ్వుకుంటూ బండెక్కాడు.

సువార్త శ్రావణిని దగ్గరకు తీసుకుని తల నిమిరింది. పిల్ల గెలిచిందన్న సంతోషం ఆ కాసేపు నిజంగానే కలిగింది.

"మస్తు చదివినవ్ బిడ్డా. ఇంతకూ మేకపిల్ల ఎందుకు ఏడ్చింది, చెప్పు?"

శ్రావణి తెల్లమొహం వేసింది. ఫోను వంక చూసింది, టీచర్ వంక చూసింది.

"ఏ మేకపిల్ల, టీచర్?"