జాయిస్ క్షమించలేదు

నందిగామలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు నర్సుగా చేసిన జాయిస్‌ను ఒక్క పూటలో గెంటేశారు. కొండలరావు మాస్టారి చావుకు ఆమే కారణమన్నారు.

చందర్లపాడు నుంచి వచ్చిన ఆ మాస్టారికి కిడ్నీలు దెబ్బతింటే, డయాలసిస్ కోసం మెడ దగ్గర పెద్ద నరంలోకి పైపు వేశారు. ఐదో రోజుకు కుడిచెయ్యి ఉబ్బింది. అలాంటి పైపు చుట్టూ నెత్తురు గడ్డకట్టవచ్చనీ, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ప్రాణాలకే ముప్పనీ జాయిస్‌కు తెలుసు. చెయ్యి ఫొటో తీసి డాక్టర్ భవానీప్రసాద్‌కు వాట్సాప్‌లో పంపి, ఆయన గదికి పరుగెత్తింది.

"స్కానింగ్ తీయిద్దామండీ, గడ్డలాగుంది."

"డాక్టర్ నువ్వా, నేనా? చెయ్యి కింద దిండు పెట్టు, పో."

మర్నాడు పొద్దున ఇడ్లీ తింటూనే మాస్టారు ఆయాసంతో పక్కకు ఒరిగిపోయారు. మళ్లీ లేవలేదు.

ఆయన భార్య భారతీదేవి నిలదీస్తే, "నర్సు నాకు చెప్పనేలేదమ్మా" అన్నాడు భవానీప్రసాద్. ఆవిడ అందరి ముందూ జాయిస్ చెంప పగలగొట్టింది. డాక్టర్ చూస్తూ నిలబడ్డాడు. జాయిస్‌కు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ చూస్తూ నిలబడ్డవాడి మీదే కడుపు రగిలిపోయింది.

"క్షమించెయ్యవే, ప్రభువు చూసుకుంటాడు" అంది తల్లి కృపావతి.

"ఈ ఒక్కటీ నేను చూసుకుంటానమ్మా."

మాస్టారి దినకర్మలయ్యాక చందర్లపాడు వెళ్లి భారతీదేవి చేతిలో ఫోను పెట్టింది. ఉబ్బిన చెయ్యి, పంపిన టైము, డాక్టర్ చూసినట్టు రెండు నీలం టిక్కులు. ఫొటోలో భర్త చెయ్యి చూసి ఆవిడ, "నిన్ను కొట్టా కదమ్మా" అని బావురుమంది.

"అదొదిలెయ్యండి. వాణ్ణి మాత్రం వదలొద్దు."

ఇద్దరూ కలిసి మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టారు. పద్నాలుగు నెలలు విజయవాడ బస్సెక్కారు. ప్రతి విచారణలోనూ జాయిస్ భవానీప్రసాద్‌కు ఎదురుగా కూర్చుని, రెప్ప వాల్చకుండా అతని మొహమే చూసేది. చివరి విచారణకు ముందు అతను బస్టాండులో ఎదురొచ్చాడు.

"నాకూ పిల్లలున్నారు జాయిస్. పొరపాటైపోయింది."

"ఆ మాట ఆరోజే ఆవిడతో చెప్పాల్సిందండీ."

ఏడాది పాటు ప్రాక్టీసు చేయకూడదని తీర్పొచ్చింది. జాయిస్‌కు అది చాలలేదు. జగ్గయ్యపేటలో కొత్త ఉద్యోగంలో చేరే రోజున, తీర్పులో 'నర్సు సకాలంలో తెలియజేసింది' అన్న పేజీని యాభై జిరాక్సులు తీయించి, పాత ఆసుపత్రి గోడంతా పట్టపగలే అంటించింది.

"చింపేస్తారమ్మా" అన్నాడు వాచ్‌మన్ ఏసురత్నం.

"చింపనీ బాబాయ్. రేపు మళ్లీ వస్తా."