కొలిమి అద్దంలో పచ్చ చుక్క

2004వ సంవత్సరం. ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమై నాలుగేళ్లు కావస్తోంది. దుర్గ్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే రోడ్డు పొడవునా కొత్త కాలేజీల బోర్డులు పుట్టగొడుగుల్లా లేచాయి. భిలాయిలో అలాంటి ఒక కాలేజీలో నేను బయోటెక్నాలజీ చెప్పేదాన్ని. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చారు. నేను ప్లాంటు వాళ్ల సెక్టార్ క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ల్యాబులో ఇంగ్లిష్. మూడింటిలోనూ నా నోరు పెద్దదేనని మా ఆయన అంటారు.

మా పనేమిటో ముందు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక రకం జెల్లీ చేపలో జి.ఎఫ్.పి. అనే ప్రొటీన్ ఉంటుంది. తగిన కాంతి పడితే అది పచ్చగా వెలుగుతుంది. దాని జీన్‌ను వేరే జీవిలో పెడితే ఆ జీవీ వెలుగుతుంది. అప్పుడు దాన్ని చంపకుండా, రంగులు పూయకుండా, బతికుండగానే ఎక్కడెక్కడ తిరుగుతోందో మైక్రోస్కోపులో చూడవచ్చు. చిక్కేమిటంటే ప్రకృతి ఇచ్చిన ప్రొటీన్ మన అవసరానికి సరిపడా వెలగదు. అందుకే డైరెక్టెడ్ ఎవల్యూషన్ అనే పద్ధతి. జీన్‌ను కాపీ చేసేటప్పుడు కావాలనే తప్పులు పడనిస్తాం. ఆ తప్పుల కాపీలను బ్యాక్టీరియాలో పెట్టి ప్లేట్ల మీద పెంచుతాం. ఒక్కో బ్యాక్టీరియా పిల్లలు పెట్టి ఒక్కో చుక్క అవుతుంది, దాన్ని కాలనీ అంటాం. వేల కాలనీల్లో బాగా వెలిగేదాన్ని ఏరి, దాని జీన్‌ను మళ్లీ తప్పులతో కాపీ చేస్తాం. రైతు మంచి కంకిని విత్తనానికి దాచుకున్నట్టే.

మెరుగైన రకాలు అప్పటికే విదేశాల్లో ఉన్నాయి. వాటిని తెప్పించుకోవాలంటే అన్నీ సంతకాలు, ఎదురుచూపులు. మనమే చేసుకుందాం అన్నాను. నా పంతం అలాంటిది.

ఆ పంతానికి తోడు దొరికిన పిల్ల ఎస్తేరు. ఎమ్మెస్సీ చివరి సంవత్సరం. వాళ్ల నాన్న దేవదానం గారు భీమిలి దగ్గరి నుంచి వచ్చి ప్లాంటులో స్టీల్ మెల్టింగ్ షాపులో పనిచేసేవారు. ఎస్తేరు స్కూలంతా హిందీ మీడియం, అందుకని ఇంగ్లిష్‌లో రాసే పరీక్షల్లో మార్కులు ఎప్పుడూ బొటాబొటీ. కానీ ఆమె రాసి పంపిన ప్రాజెక్టు ఆలోచన నచ్చి, బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ మే నెలలో పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూకి పిలిచింది. వరి కోతకు ముందే చేలో చల్లే తివరా పప్పు ఇక్కడ తెలియనివారు లేరు. దాని వేళ్లలో నత్రజని బిగించే బ్యాక్టీరియా ఉంటుంది. అది వేరులోకి ఎలా దూరుతుందో బతికుండగా చూపిస్తానన్నది ఎస్తేరు. మార్కులు లేని పిల్లకు ఆ ఒక్క చిత్రమే ఆధారం.

ల్యాబులో మాకున్నది ఒక యు.వి. దీపం. దాని కింద బాగా వెలిగిన కాలనీని ఏరి, ఆ జీన్‌ను తివరా వేళ్ల బ్యాక్టీరియాలోకి ఎక్కించి, దాన్ని తివరా మొలకలకి పట్టించి, మార్చి నెలలో ఆ మొలకలు పట్టుకుని దుర్గ్‌లోని ఒక ఆసుపత్రికి వెళ్లాం. చుట్టుపక్కల ఇలాంటి వెలుగును చూపించే ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు ఉన్నది అక్కడి టి.బి. ల్యాబులోనే. నీలం కాంతి వేసి కఫం స్లైడ్లు చూసే యంత్రం అది. టెక్నీషియన్ సాహూ భయ్యా మధ్యాహ్నం ఖాళీ చేసుకుని కూర్చోబెట్టాడు.

వేరు కనిపించింది. వేరుకి సొంతంగా ఉండే మసక వెలుగు కనిపించింది. బ్యాక్టీరియా మాత్రం కనిపించలేదు.

"మేడమ్‌జీ, కుఛ్ నహీ దిఖ్ రహా," అన్నాడు సాహూ భయ్యా, ఏమీ కనబడకపోవడం తన తప్పేమో అన్నట్టు.

ఇది విని మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఏప్రిల్ ఆఖరుదాకా గడువిచ్చారు. ఆలోగా ఫలితం రాకపోతే హాస్టల్ నీళ్ల పరీక్ష మీద ప్రాజెక్టు రాయించమన్నారు. నీళ్ల పరీక్ష పట్టుకుని బెంగళూరు వెళ్తే గుమ్మంలోంచే పంపేస్తారు. నాకు కోపం, దిగులు రెండూ వచ్చాయి.

మూడో రోజు ల్యాబులో ఎస్తేరు నెమ్మదిగా అంది: "మేడమ్, మనం కాలనీలు ఏరింది యు.వి.తో కదా. ఆసుపత్రిలో సూసింది నీలం లైటుతో."

"అయితే ఏటి?"

"యు.వి.కి బాగా పలికేదాన్నే ఏరుకుంటా వొచ్చాం. నీలానికి ఏది పలుకుతాదో మనం అడగనేలేదు."

నేను కూర్చున్న స్టూల్ మీంచి లేచిపోయాను. అసలు జి.ఎఫ్.పి. యు.వి.ని ఎక్కువగా, నీలాన్ని తక్కువగా పట్టుకుంటుందని నేనే క్లాసులో చెప్పాను. చేతిలో ఉన్న దీపంతో చూడటం అలవాటైతే, ఆ దీపం కూడా ఒక ఎంపికేనన్న సంగతి తట్టదు. తట్టినందుకు ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది. రెండో దఫా కాలనీలు ప్లేట్లలో సిద్ధంగానే ఉన్నాయి. వాటిని నీలం కాంతిలో చూస్తే చాలు. కానీ నీలం ఫిల్టరు ఎక్కడిది?

"మా నాన్న అద్దం ఉన్నాది కదా," అంది.

భిలాయి పిల్లకి తప్ప ఇంకొకరికి తట్టే మాట కాదు. కాగుతున్న ఉక్కుని మామూలు కళ్లతో చూడలేరు. ముదురు నీలం అద్దాన్ని టోపీకి తగిలించుకుని, దాన్ని కళ్ల మీదికి దించుకుని చూస్తారు. చిన్నప్పుడు అలాంటి అద్దం కళ్లకి పెట్టుకుని వీధి మొత్తం నీలంగా చూడని సెక్టార్ పిల్లలు లేరు.

సాయంత్రం వాళ్ల క్వార్టరుకి వెళ్లాం. దేవదానం గారు టీ తాగుతూ విన్నారు.

"పురుగుల్ని సూడ్డానికి ఫర్నేసు అద్దమేటమ్మా?" అన్నారు. "సరే, రేపు నాకు ఆఫ్. పట్టికెల్లండి. ఎల్లుండి ఫస్ట్ షిఫ్టుకి మాత్రం అది నా టోపీకి ఉండాల. స్టోర్లో ఇంకోటి అడిగితే పాతదేదంటారు."

"పగిలితే?" అన్నాను నవ్వుతూ.

"పగిలితే మీరే వొచ్చి నా బదులు నిలబడాల మేడమ్," అన్నారాయన, నవ్వకుండా.

మర్నాడు స్టోర్‌రూమ్ కిటికీలకి నల్ల కాగితం అంటించాం. స్లైడ్ ప్రొజెక్టర్ ముందు అద్దాన్ని నిలబెట్టాం. నీలం కాంతి కళ్లలో పడకుండా, పచ్చ మాత్రం దాటి వచ్చేలా, గిఫ్టులకి చుట్టే పసుపు కాగితం రెండు మడతలు వేసి కళ్లకి అడ్డం పెట్టుకున్నాం. ఆ అద్దం నీలంతోపాటు కాస్త ఎరుపునీ వదులుతుంది. అందుకని ప్లేటంతా ఎర్రటి మసక. ప్లేటు తర్వాత ప్లేటు తీశాం. చెమటలు కారిపోతున్నాయి, ఫ్యాన్ వేస్తే కాగితాలు లేచిపోతున్నాయి. భోజనం డబ్బాలు తెరవనే లేదు.

"మేడమ్, ఓసారి సూడండి. నాకు కళ్లు తిరుగుతున్నాయో ఏటో."

చూశాను. ఎర్రటి మసకలో ఒక మూల ఆవగింజంత పచ్చ చుక్క. పక్కనున్నవేవీ వెలగడం లేదు.

గబగబా ఆ ప్లేటుని యు.వి. దీపం కింద పెట్టాం. అక్కడ చుట్టూ ఉన్నవన్నీ వెలిగాయి, మా చుక్క మాత్రం ఆరినట్టు ఉంది. ఎస్తేరు మొహం పాలిపోయింది.

"పోయినాదా మేడమ్?"

"పోవడమేమిటే పిచ్చిదానా! యు.వి.ని వదిలేసి నీలానికి మారిపోయింది. మనం అడిగిందే ఇచ్చింది," అని ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాను. అద్దం మాత్రం ఆ రాత్రే భద్రంగా టోపీ చేరింది.

తర్వాత సీక్వెన్సింగ్‌కి పంపితే, అంటే జీన్‌ను అక్షరం అక్షరం చదివిస్తే, ప్రొటీన్‌లో వెలుగు పుట్టే చోటే ఒక మార్పు ఉందని తేలింది. ఆ మార్పు లోకానికి కొత్త కాదు, విదేశాల్లో ముందే కనుక్కున్నారు. మా చేతుల్లో, మా ప్లేటు మీద మళ్లీ పుట్టిందన్న సంబరం మాత్రం మాదే.

ఈ కొత్త జీన్‌ను తివరా బ్యాక్టీరియాలోకి ఎక్కించి, కొత్త మొలకలతో ఏప్రిల్ చివరి వారంలో మళ్లీ దుర్గ్ వెళ్లాం. సాహూ భయ్యా తెరలు వేశాడు. ఎస్తేరు కంటిని ఐపీసుకి ఆనించి చాలాసేపు కదలలేదు.

"లోనికెల్లిపోయాయి మేడమ్," అంది.

నేను చూశాను. వేరు మీది సన్నటి నూగు ఒకటి కొసన వంకీ తిరిగి ఉంది. ఆ వంకీలోంచి వేరు లోపలికి పచ్చటి దారం సాగింది. ఆ దారమంతా బతికున్న బ్యాక్టీరియా. ఆ తివరాని చిన్నప్పటి నుంచి తింటున్నాను, దాని లోపలి సంగతి మొదటిసారి కళ్లారా చూశాను. సాహూ భయ్యా నన్ను పక్కకి జరగమని, తనూ చూసి, పక్క గదిలోని వాళ్లందరినీ పిలుచుకొచ్చాడు.

మేలో బెంగళూరు నుంచి ఎస్తేరు ఫోన్ చేసింది. వాళ్లు ముందు మార్కుల కాగితం చూసి పెదవి విరిచారట. తర్వాత దుర్గ్‌లో తీసిన ఆ పచ్చ దారం ఫోటో చూశారట. ఇంగ్లిష్‌లో తడబడితే హిందీలోనే చెప్పమన్నారట. ఇచ్చిన పావుగంట దాటి, టీ తెప్పించి మరీ మాట్లాడించారట. సీటొచ్చింది.

ఫోన్ పెట్టేశాక ఎగిరి గంతేశాను, అబద్ధమెందుకు. కాసేపటికి మొదటి దఫా ప్లేట్లు గుర్తొచ్చాయి. యు.వి. కింద మసగ్గా ఉన్నాయని ఆటోక్లేవ్‌లో ఉడకబెట్టి పారేసినవి. వాటిలో నీలానికి పలికేవి ఎన్ని ఉండేవో ఇక తెలియదు. ఆ తర్వాత నేను ఏ ప్లేటునీ ఒక్క దీపం కింద చూసి పారేయలేదు, ఏ పిల్లనీ ఒక్క పరీక్ష చూసి పక్కన పెట్టలేదు.