ఆలూరు లైనూ, ఎనక ఈది ఆంజీ

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉద్యోగమంటే చల్లటి గదిలో, అద్దాల తలుపు వెనక, చెప్పులు బయట విడిచి కూర్చుని చేసేదని మా కడపలో అందరికీ గట్టి నమ్మకం. నేనూ అలాగే నమ్మాను. మా అమ్మ ఇంకో అడుగు ముందుకేసి, ఆ చల్లదనానికి జలుబు చేస్తుందని నాకో స్వెట్టరు కూడా కొనిపెట్టింది. తీరా నాకు ఉద్యోగం దొరికింది కర్నూలులో, బ్యాంకు శాఖలకు నెట్‌వర్కు పెట్టే ఒక చిన్న కంపెనీలో. మా పని బస్సుల్లోనూ బస్టాండుల్లోనూ మొదలై, శాఖల వెనకగదుల్లో దుమ్ముపట్టిన రికార్డు కట్టల మధ్య, ఒక నల్ల డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చోవడంతో ముగిసేది. ఆ డబ్బా పేరు రౌటరు. ఒక ఊరి కంప్యూటర్ మాటను ఇంకో ఊరికి చేరవేయడం దాని పని. టెలిఫోనువాళ్ళ తీగ మీదుగా ఆ మాట పోవడానికి అప్పట్లో ఫ్రేమ్ రిలే అనే పద్ధతి ఉండేది. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే అదేదో పరుగుపందెమనుకుంటారు. (ఆ రోజు ఆలూరులో జరిగింది చూసి ఉంటే నేనూ కాదనలేను.)

మా ఆఫీసులో నాకు పని నేర్పిన పెద్దాయనను అందరం పింగ్ మామ అనేవాళ్ళం. పింగ్ అంటే ఒక డబ్బా ఇంకో డబ్బాను 'ఉన్నావా' అని కేకేసి, జవాబు వచ్చిందో లేదో చూసుకోవడం. ఆయనకు ప్రపంచంలో అన్నిటికంటే అదే ముఖ్యం. పొద్దున్నే ఆఫీసుకు వస్తూనే మనిషిని పలకరించకుండా "పింగ్ పోతాందా?" అని అడిగేవాడు. మంచివాడు. నన్ను వెంటబెట్టుకుని నందికొట్కూరు తీసుకుపోయి, అక్కడి శాఖలో రౌటరుకు సెట్టింగులు ఎలా పెట్టాలో కూర్చోబెట్టి నేర్పించాడు. మా యజమానికి మాత్రం ఆడపిల్లలను ఊళ్ళమీదికి పంపడం ఇష్టం లేదు. ఆఫీసులో ఫోన్లు ఎత్తే సీటు ఒకటి ఖాళీ ఉందనీ, నాకు అదే మేలనీ ఆయన అభిప్రాయం. ఒక్కసారి ఒంటరిగా పంపి చూడమని పింగ్ మామ పట్టుబట్టాడు. ఆ ఒక్కసారే ఆలూరు. అక్కడ లైను వస్తే నాకు రౌటర్లు, రాకపోతే ఫోన్లు. సంగతి అంత తేటగా ఉంది.

తెల్లవారుజామున కర్నూలులో బస్సెక్కాను. ఒడిలో ఇటుకంత బరువున్న ల్యాప్‌టాప్, పక్కన అట్టపెట్టెలో రౌటరు. కోడుమూరు దాటేసరికి ఎండ కిటికీలోకి వచ్చి నా పక్కనే టికెట్ తీసుకుని కూర్చుంది. ఆలూరులో దిగి బ్యాంకు దగ్గరికి వెళితే వాకిట్లో షామియానా వేసి ఉంది. మావిడాకుల తోరణం, అరటి పిలకలు. పెళ్ళేమోననుకుని పక్కకు తప్పుకోబోయాను. నా చేతిలోని అట్టపెట్టె చూసి మేనేజరుగారు ఎదురొచ్చారు. ఆయన గుంటూరువైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నన్ను దాటి నా వెనక్కి చూసి, ఇంజనీరుగారు రాలేదా అని అడిగారు. నేనేనండీ అన్నాను. ఆయన ఇంకోసారి నా వెనక్కి చూశారు. పక్కనున్న అటెండరు భాయ్ మాత్రం నా చేతిలోంచి పెట్టె అందుకుని, "లోపలికి రామ్మా, ముందు మజ్జిగ తాగు" అన్నాడు.

విషయమేమిటంటే ఆ రోజు నుంచి ఆలూరు శాఖ కర్నూలుతో కలుస్తుంది. బ్యాంకు ఉన్న భవనం పెద్దరెడ్డిగారిది. ఊళ్ళో ఏ మంచిపని జరిగినా ఆయన చెయ్యి పడాల్సిందే. అందుకని మొదటి మీట ఆయనే నొక్కుతాడు. బుధవారం కాబట్టి పన్నెండుకు రాహుకాలం, ఆ లోపలే నొక్కాలి. పెద్దరెడ్డిగారు అప్పటికే తెల్లటి పంచె, సిల్కు చొక్కా వేసుకుని, కంప్యూటర్ ముందున్న కుర్చీలో పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. నన్ను పరకాయించి చూసి, ఎవరి పిల్లవి, ఏ ఊరు, తిన్నావా అని మూడూ ఒకేసారి అడిగి, "కానీమ్మా, నీ పని నువ్వు చూసుకో. తొందరేం లేదు, పన్నెండు లోపల అయితే సాలు" అన్నాడు.

నేను నందికొట్కూరులో నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. రౌటరును టెలిఫోను తీగతో కలిపే మోడెం మీద పచ్చదీపం వెలిగింది. షామియానాలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. తెర మీద మాత్రం 'లైన్ అప్, ప్రోటోకాల్ డౌన్' అని వచ్చింది. అంటే తీగ బాగానే ఉంది, మాటలే లేవు. (అలిగిన మొగుడూపెళ్ళాలున్న ఇల్లులాగ అన్నమాట.) తీసి మళ్ళీ పెట్టాను. ఆర్పి మళ్ళీ వెలిగించాను. అది మూతి బిగించుకునే కూర్చుంది. పింగ్ కొడితే తెర మీద వరసగా చుక్కలు పడ్డాయి. పింగ్ పోతే ఆశ్చర్యార్థకాలు పడతాయి, పోకపోతే చుక్కలు. నా ఉద్యోగజీవితమంతా ఆ చుక్కల్లాగే కళ్ళముందు కనిపించింది.

పింగ్ మామకు ఫోన్ చేద్దామంటే బ్యాంకు ఫోన్ మూగపోయింది. టెలిఫోనాయన కొత్త లైనుకు తీగలు చాలక, బ్యాంకు ఫోను తీగనే దానికి మళ్ళించాడట, వారంలో వేరేది వేస్తానని చెప్పి. సెల్‌ఫోన్లు అప్పటికే కర్నూలులో పెద్దవాళ్ళ జేబుల్లో మోగుతున్నా, ఆలూరుదాకా వాటి గాలి సోకలేదు. ఇక మిగిలింది రోడ్డుకు అవతల ఉన్న బూతు శెట్టిగారి అంగడి. (పేరు విని ఏమేమో అనుకునేరు. ఆయన నోట ఒక్క చెడ్డమాట రాదు. ఎస్టీడీ బూతు నడుపుతాడని ఊరు పెట్టిన పేరది.) ఎండలో రోడ్డు దాటి పరుగెత్తాను. పింగ్ మామ అంతా విని, రౌటరు మీద ఏదో చూసి రమ్మన్నాడు. చూసి మళ్ళీ పరుగెత్తాను. ఇంకోటి చూడమన్నాడు. అలా తిరుగుతూండగా చెప్పు తెగింది. చివరికి పింగ్ మామ, టెలిఫోను ఎక్స్ఛేంజి వాళ్ళను అడిగి తానే తిరిగి ఫోన్ చేస్తానన్నాడు.

తెగిన చెప్పు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వస్తున్న నన్ను చూసి పెద్దరెడ్డిగారికి జాలేసింది. ఇంతమంది ఊరికే కూర్చుని ఉండగా పిల్లను ఎండలో పరుగెత్తించడమేమిటని మేనేజరుగారిని మందలించి, క్షణంలో ఏర్పాటు చేసేశాడు. బూతులో శెట్టిగారు ఫోను ఎత్తి విన్నది విన్నట్టు కేకేస్తాడు. రోడ్డు మధ్యలో భాయ్ నిలబడి అందుకుంటాడు. భాయ్ కేక బ్యాంకు గుమ్మంలో ఉన్న మేనేజరుగారు అందుకుని నాకు చెబుతారు. నేను రౌటరు ముందు నుంచి కదలనక్కర్లేదు. కాదనడానికి నాకు ఓపిక లేదు, చెప్పూ లేదు.

కాసేపటికి బూతులో ఫోను మోగింది. ఆ తర్వాత రోడ్డు మీద జరిగింది నాకు తెలిసింది సాయంత్రమే, కానీ వరస చెడకుండా ఇక్కడే చెబుతాను. నల్ల డబ్బా, ఎక్స్ఛేంజిలోని మిషను కొన్ని క్షణాలకొకసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉండాలి. ఆ పలకరింపును ఎల్ఎంఐ అంటారు. అందులో రకాలున్నాయి. నందికొట్కూరు లైను వెళ్ళే మిషనుది ఒక రకం, ఆలూరు లైను వెళ్ళే మిషనుది ఇంకో రకం. నేను ఆ ఊరి పలకరింపుతో ఈ ఊరిని పలకరిస్తున్నాను, ఇది ఎలా పలుకుతుంది? ఆలూరుకు పెట్టాల్సిన రకం పేరు ఆన్సీ. ఆ మాటే పింగ్ మామ ఫోనులో చెప్పాడు, ఎల్ఎంఐ టైపు ఆన్సీ పెట్టమని. ముందరి రెండు మాటలూ ఇంగ్లీషు కాబట్టి శెట్టిగారు మర్యాదగా వదిలేశాడు. మూడో మాట ఆయనకు బాగా తెలిసిన మాటలాగే వినిపించింది.

"భాయ్, ఆంజిని పెట్టాలంట" అని కేకేశాడు.

భాయ్ ఆలోచించాడు. "ఏ ఆంజి? ఊర్నిండా ఆంజిలే గదా" అన్నాడు.

శెట్టిగారు ఫోనులో ఏ ఆంజి అని అడిగాడు. పింగ్ మామకది చాలా తెలివైన ప్రశ్నలా తోచింది. ఆ పిల్ల చదువుకుంది, అనుమానం తీర్చుకుంటోంది అనుకున్నాడు. ఎందుకంటే ఆన్సీ రకానికి పుస్తకాల్లో అనెక్స్ డీ అని ఇంకో పేరుంది. "అనెక్స్ డీ" అని నొక్కి చెప్పాడు.

"ఎనక ఈది ఆంజి అంట" అని శెట్టిగారు కేకేశాడు.

అంతే, అందరి అనుమానాలూ తీరిపోయాయి. వెనక వీధి ఆంజి కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే మనిషి. కరెంటు పని తెలిసినవాడు. కర్నూలు సారు అంత దూరం నుంచి అతని పేరు ఎలా కనుక్కున్నాడా అని ఒక్కరికీ సందేహం రాలేదు. పైగా, మన ఊరివాడి పేరు అక్కడిదాకా పోయిందని పెద్దరెడ్డిగారు మీసం దువ్వుకున్నాడట. భాయ్ తన చోటు వదిలి స్వయంగా పిలుచుకు రావడానికి పోయాడు.

నాకు గుమ్మంలోంచి అందిన మాట ఒకటే. మేనేజరుగారు తల లోపలికి పెట్టి, ఆంజి వస్తున్నాడమ్మా, కంగారు పడకు అన్నారు. ఆంజి ఎవరో టెలిఫోను మనిషి కాబోలనుకున్నాను. గడియారం పన్నెండుకు దగ్గరవుతోంది. రాహుకాలం పోనీ, ఆ ఫోన్లెత్తే సీటే నన్ను భయపెడుతోంది. రేపటి నుంచి ఎవరెవరికి నమస్కారం చెప్పాలో మనసులో సాధన కూడా మొదలుపెట్టాను.

అప్పుడు వచ్చాడు ఆంజి. మెడలో తువ్వాలు, ముఖం ఒకవైపు నున్నగా, రెండోవైపు తెల్లటి సబ్బు నురగ. గడ్డం గీయించుకుంటుండగా భాయ్ లేపుకొచ్చాడు. వెనకే కత్తి పట్టుకుని మంగలాయన, పని మధ్యలో వదిలితే ఎలా అన్నట్టు. నేను బెదిరి గోడకు ఆనుకున్నాను. ఆంజి నన్నూ, డబ్బానూ, మోడెమునూ వరసగా చూసి, వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"నేనేమ్మా, ఎనక ఈది ఆంజి. నన్ను యాడ పెట్టాలంట?"

నేను అర్థంకాక ఆయన వంకా డబ్బా వంకా చూశాను. ఆయన పాపం మళ్ళీ చెప్పాడు, ఆంజి, ఎనక ఈది అని. ఆంజి. ఎనక ఈది. పెదాల మీద ఆ రెండు మాటలూ రెండుసార్లు తిప్పుకున్నాను. మూడోసారికి తెలిసింది. ఆన్సీ. అనెక్స్ డీ. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండూ ఆపుకున్నాను. అంత దూరం నురగతో నడిచి వచ్చిన మనిషిని వెనక్కి పంపడానికి నాకు మనసొప్పలేదు. రౌటరు పక్కన స్టూలు చూపించి, ఇక్కడ కూర్చోండన్నా అన్నాను. ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. నేను కీబోర్డు వైపు తిరిగి ఆ ఒక్క సెట్టింగు మార్చాను.

కొద్ది క్షణాల్లో తెర మీద 'ప్రోటోకాల్ అప్' అని వచ్చింది. పింగ్ కొట్టాను. ఒకటి వెనక ఒకటి ఆశ్చర్యార్థకాలు వచ్చి నిలబడ్డాయి. వచ్చింది వచ్చిందని గుమ్మం వైపు తల ఊపాను. భాయ్ గుమ్మంలోంచి రోడ్డు మీదికి, శెట్టిగారు రోడ్డు నుంచి ఫోనులోకి, వార్త వెనక్కి పరుగెత్తింది. కాకపోతే ఫోనుదాకా పోయేసరికి అది 'ఆంజి కూర్చున్నాడు, లైను వచ్చింది' అయింది. పెద్దరెడ్డిగారు మీట నొక్కాడు. కర్నూలు కంప్యూటర్లో ఖాతా మీదున్న ఆయన పేరు అక్కడి నుంచి నడిచి వచ్చి తెర మీద కూర్చుంది. తన పేరును తనే పైకి చదువుకుని, కొబ్బరికాయ కొట్టించి, దండ తీసుకుని నేరుగా వచ్చి ఆంజి మెడలో వేశాడు. దండకు నురగ అంటుకుంది. నాకు రెండో దండ. అది భాయ్ తెచ్చాడు.

ఆ మధ్యాహ్నం పెద్దరెడ్డిగారింట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, గడ్డపెరుగు పెట్టారు. రెండోవైపు గడ్డం కూడా గీయించుకుని వచ్చిన ఆంజి నా పక్కనే కూర్చున్నాడు. "నేనేం జేయలేదు గదమ్మా" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినిపించేలా. మీరు పేరు చెప్పారు గదన్నా, అదే చేశారు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కానీ ఇంకో రొట్టె వేయించుకున్నాడు. నా చెప్పు ఎవరు కుట్టించారో తెలియదు, బయటికి వచ్చేసరికి కుట్టి ఉంది. బస్సెక్కే ముందు బూతు నుంచి పింగ్ మామకు ఫోన్ చేశాను. ముందు పింగ్ పోతోందా అని అడిగాడు, తర్వాత ఆ ఆంజి ఎవరమ్మా అన్నాడు. చెబుతుంటే అవతల నుంచి చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమోననుకున్నాను. తెగలేదు. ఆయన నవ్వుతూ కుర్చీలోంచి జారిపోయాడట.

నన్ను ఫోన్ల సీటులో ఎవరూ కూర్చోబెట్టలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆలూరు లైను ఎప్పుడు పడిపోయినా, మాకు ఫోన్ చేయకముందే ఆంజికి కబురు వెళ్ళేది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఆయన కూర్చున్న కాసేపటికి ఎక్స్ఛేంజిలో ఎవరో ఏదో సరిచేస్తే లైను వచ్చేది, కీర్తి ఆంజికి పోయేది. మేనేజరుగారికి అసలు సంగతి ఒకసారి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ఉండనీవమ్మా, ఆయన వచ్చి కూర్చుంటే మా స్టాఫ్‌కి ధైర్యంగా ఉంటోంది అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఉండేది.

ఇప్పుడు నేను అద్దాల తలుపు వెనక, అచ్చంగా చల్లటి గదిలోనే కూర్చుంటున్నాను. ఫ్రేమ్ రిలే పోయి చాలాకాలమైంది. మొన్నొకరోజు ఎక్కడిదో లైను పడిపోతే, ఊరికొకరు చొప్పున అందరం చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని మాట్లాడుకున్నాం. మాట తేటగా వినిపించింది. ఎవరూ ఎవరినీ తప్పుగా వినలేదు, కాఫీ చల్లారేలోపు లైను వచ్చేసింది. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. నేను హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, ఎందుకో ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. కొత్తగా చేరిన అమ్మాయి తల తిప్పి, ఏమైంది మేడమ్ అని అడిగింది. కుర్చీ ఇటు లాక్కో అన్నాను. చెప్పడం అయ్యేసరికి సాయంత్రమైంది. ఆ పిల్ల నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది. కళ్ళజోడు తీసి నేనూ తుడుచుకున్నాను.