హుస్సేనీ ఆలం రాజు ఎగిరిండు

ఏం చెప్పాలె భాయ్, పోయిన నెల మా ఫ్యాక్టరీల వంద మంది ముందు నా ఇజ్జత్ పోయింది. పోగొట్టింది ఎవరో కాదు, నా కుడిచెయ్యే! చాయ్ తాగుకుంట వినుండ్రి, నవ్వితే మాత్రం పక్కకు తిరిగి నవ్వుండ్రి.

మా హుస్సేనీ ఆలంల మల్లేశం మామ పాల దుకాణం అరుగు మీద ప్రతి ఐతారం పొద్దున శతరంజ్ నడుస్తది. మామ, గడియారాలు బాగుచేసే యూసుఫ్ భాయ్, నేను. బర్ల పని అయిపోయి పాలు పంచినంక మామ బోర్డు పరుస్తడు. నాకు ఆట నేర్పింది ఆయనే, నేను నిక్కర్లు తొడిగే రోజులల్ల. మాది పాత కాలం ఆట. బంటు ఒక్కొక్క గడే నడుస్తది. రాజుకు మాత్రం ఒక సౌకర్యం ఉంటది. ఎదుటోడు ఇంకా షహ్ అని రాజుకు గురిపెట్టకముందే, ఆట మొత్తంల ఒక్కసారి గుర్రం లెక్క ఎగిరి తప్పించుకోవచ్చు. మామ రాజు ఎప్పుడు ఎగురుతదో దేవునికి కూడా తెల్వదు. ఇరవై ఏండ్లల్ల ఆయన మీద నేను గెలిచింది రెండుసార్లు. అందుల ఒకసారి ఆయనకు జ్వరం.

ఇగ నాకు ఫ్యాక్టరీ రిక్రియేషన్ క్లబ్బుల ఒక ఇంగ్లీషు రూల్స్ పుస్తకం దొరికింది. అండ్ల ఆటే వేరే ఉంది! బంటు మొదటి చాల్‌ల రెండు గడులు పోవచ్చు. రాజు ఎగురుడు బంద్. దానికి బదులు రాజు, ఏనుగు ఒక్కసారే కదిలి, రాజు ఏనుగు చాటుకు పోయి దాక్కుంటది. దునియా అంతా గిట్లనే ఆడుతున్నదట! నేను నాలుగు రాత్రులు కూసొని అంతా తెలుగుల రాసిన. ఇద్దరికీ చెరొక నోట్‌బుక్ ఇచ్చిన.

యూసుఫ్ భాయ్ తిప్పి చూసి, "నాకు రెండూ ఓకే. చాయ్ మాత్రం పాతదే ఉండాలె" అన్నడు.

మామ మొహమాటానికి ఆడిండు. మూడు ఆటలు ఆడితే మూడూ నేనే గెలిచిన! ప్రతిసారి ఆయన రాజు ఎగరబోవుడు, నేను నోట్‌బుక్ చూపిచ్చుడు. మూడో ఆట అయినంక మామ లేసి తువ్వాల దులుపుకున్నడు.

"ఈ వయసుల నన్ను మళ్ల ఒకటో తరగతిల కూసుండబెడ్తున్నవా బిడ్డా? మీరు ఆడుకోండ్రి."

అంతే. మూడు ఐతారాలు మామ అరుగు మీదికి రాలే. లోపల్నే బర్లకు కుడితి కలుపుకుంట కూసున్నడు. మా ఇంటికొచ్చే పాలు కూడా పలచబడ్డయి. "లొల్లి మీ ఇద్దరిది, నీళ్లు నా చాయ్‌లనా?" అని మా ఇంటామె నన్నే తిట్టింది. నిజం చెప్తున్న, నాకు మస్తు బాధైంది. లోకం మారుతున్నది, మనమూ మారాలె అని పెద్ద పెద్ద మాటలు చెప్పిన గానీ, అసలు సంగతి ఏందంటే కొత్త రూల్స్‌ల నేను మామ మీద గెలుస్తున్న. గంతే. మామ లేకుంటే ఆ గెలుపు ఎవనికి కావాలె?

లోపలికి పోయి బతిమాలిన. ఆయన బకెట్ కింద పెట్టి పందెం కాసిండు. "మీ ఫ్యాక్టరీల పోటీ ఉందంటివి గదా? గా కొత్త ఆటల కప్పు గెలిచి తే. నేను సుత మారుత. ఓడినవనుకో, అరుగు మీద పాత ఆటే. మళ్ల నోట్‌బుక్ మాట ఎత్తొద్దు."

సై అన్న!

చూడుండ్రి, ఫైనల్ దాకా పోయిన. ఎదుట కూసున్నది మా టైపింగ్ సెక్షన్ రూతమ్మ గారు. యాభై ఏండ్ల మనిషి, అద్దాలు ముక్కు చివర్న. ఆమె రాజును, ఏనుగును ఒక్కసారి కదిపి ఎంత నీట్‌గా సర్దుకున్నదో! అయినా నేనే ముందున్న. ఆమె వజీర్, అదే మంత్రి, పోయింది, నాది ఉంది. వెనక బెంచీ మీద మామ, యూసుఫ్ భాయ్. మామ నా కోసం ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు.

అప్పుడు రూతమ్మ గారు ఏనుగును నా రాజు వైపు జరిపిండ్రు. ఇంకొక్క చాల్ అయితే షహ్. భయమేం లేదు, బంటు అడ్డం పెడితే అయిపాయె. తలకాయల బంటే ఉంది. చెయ్యి మాత్రం రాజు మీదికి పోయింది! టక్కున లేపి, గుర్రం లెక్క ఎగిరిచ్చి, మూలకు పెట్టి, కుర్చీల వెనక్కి వాలి గ్లాసు నీళ్లు కూడా తాగిన. అంత ధీమా!

వెనక నుంచి మామ ఒక్కడే చప్పట్లు కొట్టిండు. "శభాష్ బిడ్డా! గదీ చాల్ అంటే!"

అంపైర్ సారు వచ్చిండు. "నర్సింగ్‌గారూ, ఏంటిది?"

"రాజు సార్. ఒక్కసారి ఎగరొచ్చు గదా. మా దగ్గర ఉన్నది."

"మీ దగ్గర అంటే ఎక్కడ?"

"హుస్సేనీ ఆలంల సార్."

ఒకటే నవ్వుడు! సారు పుస్తకం తీసి, "రూల్స్ చదివిండ్రా అసలు?" అన్నడు. యూసుఫ్ భాయ్ ఊకోలేకపోయిండు. "పఢే క్యా సాబ్! మాకందరికి రాసి ఇచ్చిండు!"

చెయ్యి పెట్టిన కాయనే కదపాలెనట. అదీ నేను రాసిన రూలే! రాజు పోయేటందుకు ఒక్క గడే మిగిలింది. పెట్టిన. రూతమ్మ గారు గుర్రం తెచ్చి, "సారీ అండి" అని మెల్లగ మాత్ చెప్పి ఆట కట్టేసిండ్రు.

డబుల్ డెక్కర్ బస్సుల పై అంతస్తుల ముగ్గురం కూసున్నం. అఫ్జల్‌గంజ్ దాటినంక నేనే అన్న, "సరే మామా. పాత ఆటే. నోట్‌బుక్కులు పొయ్యిల పెడ్త."

మామ నా భుజం మీద చెయ్యేసిండు. "ఓడింది నువ్వు కాదురా. ఇరవై ఏండ్ల సంది నేను నేర్పిన చెయ్యి ఓడింది. గంత మంది ముందట గూడ అది నా లెక్కనే ఎగిరింది సూడు!" అని కండ్లు తుడుచుకున్నడు. మళ్ల ఆయనే అన్నడు, "గా అమ్మ రాజును ఏనుగు చాటుకు పెట్టింది గదా, మస్తు సాఫ్‌గుంది. నేర్చుకుంట."

నేను సీట్ల నుంచి ఎగిరి లేసిన. "రేపే మొదలుపెడ్దాం మామా! నేను చెప్త!"

"నువ్వొద్దు బిడ్డా. ఆమెను పిలు."

మామ గిన్నె నిండ జున్ను పంపిండు, రూతమ్మ గారు ఒప్పుకున్నరు. ఇప్పుడు ఐతారం చర్చి అయినంక వస్తరు. మామకు, యూసుఫ్ భాయ్‌కి కొత్త ఆట బ్రహ్మాండంగ వచ్చేసింది. నాకు మాత్రం ఆమె ఒక షరతు పెట్టిండ్రు. నేను చేతులు కట్టుకొని కూసోవాలె, చాల్ నోటితో చెప్పాలె, కాయ ఆమెనే జరుపుతరు. కొత్త రూల్స్ తెచ్చిన మొనగాన్ని నేనే, ఇప్పుడు ఆ బోర్డును ముట్టనియ్యంది నన్నొక్కన్నే!