జవాబు రాని ప్రార్థనలో మా అక్క ఫిలోమినమ్మ

మా అక్క ఫిలోమినమ్మ గత బుధవారం ఉదయం దివంగతురాలైంది. బళేపేటలో నా గాజుల అంగడి తాళం తీస్తుండగా ఫోన్ వచ్చింది. వెన్నెముకలో క్యాన్సర్ అనీ, అంతిమ ఘడియలు సమీపించాయనీ తెలిసినవాణ్ణే. అయినా ఆ వార్త విని, తాళం అట్లాగే వదిలేసి పరుగెత్తాను.

అక్క మా విచారణ బడిలో, అంటే మా చర్చి బడిలో, ఉపాధ్యాయిని. ఆదివారాల్లో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది. ఎవరింట జబ్బు అని విన్నా జపమాలతో వెళ్ళి, "దేవుడు ప్రేమించేవాళ్ళకే కష్టాలిస్తాడమ్మా" అని ధైర్యం చెప్పేది. బావ చిన్న వయసులో పోయినప్పుడు తనకు తానూ అదే చెప్పుకుంది. కాని ఏకైక పుత్రిక స్టెల్లా పదో తరగతి చదువుతూ రక్తక్యాన్సర్‌తో కన్నుమూసిన నాడు, ఓదార్చ వచ్చినవాళ్ళు ఆ మాటే ఆమెకు చెప్పారు.

"అట్లాంటి ప్రేమ నాకొద్దప్పా. తీసుకొనిపొండి," అంది అక్క.

చర్చిలో దివ్యపూజకు వెళ్ళడం మాత్రం మానలేదు. చివరి బెంచీలో కూర్చునేది, పెదవి కదిపేది కాదు.

"జపం చేయనప్పుడు ఏమిటికి పోతావుండావక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఇంకెక్కడికి పోయేదిరా? ఆయనా ఏమీ మాట్లాడడంలే. ఇద్దరం ఎదురెదురుగా కూచోనుంటాం."

చాలాకాలం అలాగే గడిచింది. ఒకనాడు మా వీధి కమలమ్మ కొడుకు, బెళ్ళందూరులో కంప్యూటర్ కంపెనీలో కొత్తగా చేరినవాడు, రింగురోడ్డు మీద లారీ కిందపడి మరణించాడు. అక్క వెళ్ళి ఆ తల్లి పక్కన నేలమీద కూర్చుంది. ఒక్క ఓదార్పు మాటా అనలేదు. సాయంత్రం అన్నం వండి, ముద్దలు కలిపి ఆమె నోట పెట్టింది.

"అందరూ ఏమేమో చెప్పిరి. మీ అక్క ఒక్కతే నాతో ఏడ్చిందప్పా," అని కమలమ్మ నాతో అంది.

ఆ తర్వాత బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఎందరి గడప తొక్కిందో! కులమతాలు అడగలేదు, ఉపదేశం చెప్పలేదు. తన శోకానికి ఒక అర్థం ఉందని ఆమెకు తోచింది ఆ ఇళ్ళలోనే అనుకుంటాను. "స్టెల్లా పోకుంటే ఈళ్ళ ఏడుపు నాకు అర్థమయ్యేది కాదు. అందుకే పోయిందని మాత్రం ఎవరూ చెప్పొద్దు," అనేది.

చివరి మాసాలు దారుణం. మందులు పనిచేయని పూట ఆమె ఆక్రందన వీధిలోకి వినిపించేది. ఒక మధ్యాహ్నం చూడలేక, వినలేక, తలుపు మూయబోయాను.

"మూయొద్దురా. అరిస్తే తప్పా? సిలువ మీద ఆయన అరవలేదా?"

ఆ రోజే మా చర్చి విచారణ గురువులు వచ్చి, నుదుట పవిత్ర తైలం పూసి అభ్యంగనం చేసి, "ఈ బాధను ప్రభువుకు అర్పించమ్మా," అన్నారు.

"అర్పిస్తానే ఉండాను స్వామీ. తీసుకుంటాడో లేదో తెలీదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆయన వెళ్ళాక అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఏమిటికి అని అడుగుతానే ఉండాను తమ్ముడూ. జవాబు రాలే. కాని సిలువ మీద ఆయనా, నన్నేమిటికి విడిచిపెట్టినావని అదే అడిగినాడు గదా. ఆ అరుపులో నేను ఒక్కదాన్నే లేను. నాకు దొరికింది అంతే."

అంతమాత్రాన్నే ఆసరా చేసుకుని ఆమె వెళ్ళిపోయింది. నాకు అదీ చిక్కడం లేదు. మొన్న ఆదివారం పూజలో పరలోక జపం చెబుతూ, ఆయన చిత్తం నెరవేరాలన్న చోట ఆగిపోయాను. చుట్టూ అందరూ జపం ముగించేశారు. నేను అక్కడే ఉన్నాను. ఆ వాక్యాన్ని పెదవి కదపకుండానే కన్నీళ్ళతో దాటిన మనిషి ఇప్పుడు మట్టిలో ఉంది.

నాకోసం ఆయన్ని వేడుకో అక్కా.