సగం ఏనుగు

నేను రోజుకు రెండుసార్లు పొడుచుకునే సూది మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నేను జోకులేస్తానని, ఊరికే అందరినీ ఏడిపిస్తానని మీకు తెలుసు. అందుకే చెబుతున్నాను... నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మొదలుపెట్టాక నేను ఆగను.

కరోనా వచ్చిన మొదటి ఏడాది. నాకు పదిహేడు. మాది పోచంపల్లి, మగ్గం ఉన్న ఇల్లు. ఇంట్లో నేనూ బాపూ ఇద్దరమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. తొమ్మిదేళ్ళకే నాకు షుగర్ వచ్చింది. ముసలివాళ్ళు కూడా నన్ను చూసి కుళ్ళుకోవాలి, అంత ముందుగా. ఏడో తరగతిలో రెండుసార్లు బెంచీ మీద నుంచి పడిపోతే సారు భయపడ్డాడు. నేను సంతోషంగా బడి మానేశాను.

"ఏం లేదు సార్, రక్తం తక్కువున్నది," అని బాపు సారుతో అబద్ధం చెప్పాడు. సూది సంగతి తెలిస్తే ఆడపిల్లకు పెళ్ళి కాదని ఆయన భయం. తెలిసింది పక్కింటి అండాలమ్మ అత్త ఒక్కదానికే. అత్త మా మగ్గానికి నూలు కండెలు చుట్టేది.

మాకు ఫ్రిజ్ లేదు. మందు సీసాను చిన్న కుండలో, తడి ఇసుకలో పెట్టి, మగ్గం గుంటలో ఉంచేవాళ్ళం. నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంట అది. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు. కుండ పక్కనే కాగితంలో బెల్లం ముక్క.

"కండ్లు తిరిగినయంటే ముందు గిది నోట్లేస్కో. దేవున్ని తర్వాత యాదిజేస్కో," అనేవాడు బాపు.

రోజూ సాయంత్రం టీవీలో పోయినవాళ్ళ లెక్క చెప్పేవారు. చివర్లో ఒక మాట కలిపేవారు. భయపడకండి, పోయినవాళ్ళలో చాలామందికి షుగరో బీపీయో ఉంది అని. ఊరందరికీ అది ధైర్యం. నేను మాత్రం టీవీ కట్టేసేదాన్ని.

ఒక రోజు బాపుకు జ్వరం. మర్నాడు పరీక్ష. ఆ మర్నాడు ఆస్పత్రి బండి. చీరలో ఏనుగు సగం నేశాడు, వెనక కాళ్ళూ నడుమూ అయ్యాయి. అక్కడే మగ్గం దిగాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయనతోనే పోయింది. నాకు కరోనా లేదన్నారు, కానీ గడప దాటొద్దన్నారు. సందుకు అడ్డంగా వెదురు కర్రలు కట్టారు. గ్యాస్ అయిపోయింది, కొత్త సిలిండర్ తెచ్చేవాడు కర్రల దాకా కూడా రాలేదు. ఇక పూటపూటా అండాలమ్మ అత్తదే అన్నం. డబ్బా గడప మీద పెట్టి, దూరం జరిగి, పిలిచేది.

"ఒక్కదానివే భయమైతుందా పిల్లా?"

"ఒక్కదాన్ని ఎట్లైత అత్తా? సగం ఏనుగున్నది గద తోడుకు."

"నీ నోరు పాడుగాను. తిను ముందు."

అయిదో రోజు రాత్రి. ఎనిమిదవుతోంది. గోడవతలి నుంచి అత్త గొంతు. "పిల్లా! అన్నమైంది. సూది ఏస్కో. కూర దించుకొని వస్త."

వేసుకున్నాను. సూది వేసుకున్నాక తినాల్సిందే. లేకపోతే మందు మనిషినే తింటుంది.

అప్పుడు... సందులో బండి చప్పుడు.

నీలం వెలుగు కిటికీ మీద తిరిగింది. బూట్ల అడుగులు. నా కోసమే అనుకున్నాను. షుగర్ పిల్ల ఒక్కతే ఉందని ఎవరో చెప్పేశారు అనుకున్నాను. తీసుకెళ్తే తిరిగిరాను, టీవీ రోజూ చెబుతోంది కదా. లైటు ఆర్పేశాను. గడియ పెట్టాను. చాప మీద ముడుచుకుని పడుకున్నాను.

తలుపు మీద చెయ్యి పడింది.

"పిల్లా..."

అత్త గొంతే. ఆమెతో పిలిపిస్తున్నారు అనుకున్నాను. ఊపిరి బిగబట్టాను.

"పిల్లా... తలుపు తియ్యి."

నేను తీయలేదు.

బండి వెళ్ళిపోయింది. ఇంకాస్సేపు ఆగి లేద్దామనుకున్నాను. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు.

...కిర్రు.

...సర్రు.

...టక్.

పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు. కాలితో తొక్కితే కిర్రు. నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తితే సర్రు. అడ్డపోగు పేకను గుద్దితే టక్. మగ్గం ఆడుతోంది. చీకట్లో. నాలుగడుగుల దూరంలో.

కిర్రు... సర్రు... టక్.

బాపు వచ్చాడనుకున్నాను. గడియ పెట్టి ఉందన్న సంగతి తట్టలేదు. ఒళ్ళంతా చెమట. నాలుక మొద్దుబారింది. లేవబోతే కాళ్ళు లేవు. చేతుల మీద పాకాను. నేను ఆగితే చప్పుడు పెరుగుతోంది. పాకితే తగ్గుతోంది... నిజం చెబుతున్నాను, నన్ను పశువును తోలినట్టు తోలింది.

"బాపూ... నువ్వేనా?"

ఆగిపోయింది.

ఎవరిదో ఊపిరి. నాదేనా? నేను ఊపిరి ఆపి చూశాను. ఇంకా వినిపించింది... ఒక్కసారి.

తల ముందుకు వాలింది. చెయ్యి గుంటలోకి జారింది. తడి కుండ తగిలింది. దాని పక్కన కాగితం. కాగితంతో సహా నోట్లో పెట్టుకున్నాను.

తెల్లవారాక గడియ తీశాను. అప్పటిదాకా అది రాత్రి పెట్టింది పెట్టినట్టే ఉంది. గడప మీద స్టీలు డబ్బా. చుట్టూ చీమలు. అత్త తలుపుకు తాళం.

ఎదురింటి మేడ మీది నుంచి ఒకాయన అరిచాడు. "గామెకు గుడ కరోనా అంట, రాత్రే తీస్కపోయిండ్రు. ఎంత సతాయించింది! మీ గడప మీద డబ్బా పెడితే గాని బండెక్కలే."

లోపలికి వచ్చి కూలబడ్డాను. అప్పుడు చూశాను మగ్గాన్ని.

ఏనుగు నిండుగా ఉంది. ముందు కాళ్ళు, చెవి, కన్ను, తొండం.

మూడు వారాలకు బాపు వచ్చాడు, సగం మనిషై. అత్త రాలేదు. ఆమెను ఎక్కడ పూడ్చారో, కాల్చారో కూడా మాకెవరూ చెప్పలేదు. బాపు మగ్గం ముందు నిలబడ్డాడు. ఏనుగు మీద వేలితో తడిమాడు.

"ఎవలు నేసిండ్రు గిది?"

"నేనే కావచ్చు బాపూ. కండ్లు తిరిగినప్పుడు ఏం చేసిన్నో నాకు యాది లేదు."

"నీ మొకం. నువ్వు నేసిన ఏనుగుకు ఎన్నడన్న తొండం మొకానికి అతికిందా?"

నవ్వబోయి ఆగాడు. మళ్ళీ తడిమాడు. చాలాసేపు.

"నా చెయ్యి గాదు... ఎవల చెయ్యో తెలుస్తలేదు బిడ్డా."

అండాలమ్మ అత్త జన్మలో మగ్గం ఎక్కలేదు. కండెలు చుట్టడమే ఆమెకు తెలుసు. షుగర్ పడిపోతే లేనివి వినిపిస్తాయని డాక్టరమ్మ అంది. సరే, వినిపిస్తాయి. నేస్తాయా?

బాపు ఆ చీర పూర్తి చేసి మిగతావాటితో పాటు అమ్మేశాడు. ఆ ఏనుగు ఇప్పుడు ఏ ఊళ్ళో, ఎవరి కుచ్చిళ్ళలో ఉందో.

నేను మాత్రం ఇప్పటికీ రాత్రి సూది వేసుకునే ముందు వీధి తలుపు బార్లా తీసి పెడతాను. తినడం అయ్యేదాకా మూయను.

"దోమలొస్తున్నయే!" అని బాపు లోపలి నుంచి అరుస్తాడు.

రానీ అంటాను.

లేచి వచ్చి మూయడు మాత్రం.